మా వైపు ఎవరికీ లేదు

"ఒక్కటే చుక్క, ఒక్కటంటే ఒక్కటే" అని బతిమాలి మూడు చుక్కలు వేసెయ్యడం చుక్కలమ్మకు వచ్చిన విద్య. కంటి ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. కంటిపాపలు పెద్దవి చేసే మందు సీసాలు కోటు జేబులో వేసుకుని పొద్దుటి నుంచీ బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఆవిణ్ణి చూడగానే పిల్లలు తల్లుల ఒళ్ళో మొహాలు దాచుకుంటారు. పిచ్చుక మాత్రం దాచుకోదు. పాలు తాగే వయసు నుంచీ వస్తున్న పిల్ల, ఇప్పుడు నాలుగో తరగతి. తనే తల వెనక్కి వాల్చి, కింది రెప్ప వేలితో లాగి పట్టుకుని, "మూడూ వేసెయ్యండి, నాకు తెలుసులే" అంది.

"అమ్మో అమ్మో, ఎంత ముదిరిపోయావే!" అంది చుక్కలమ్మ.

తల్లి నవ్వింది. ఆర్నెల్లకోసారి యూనిఫారాల కుట్టు కార్ఖానాలో సెలవు అడుక్కుని ఈ బెంచీ మీద కూర్చోవడం ఆమెకు తిండీ నిద్రల్లాగే అలవాటైపోయింది. పిల్లకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. వెలుగు వచ్చిందీ పోయిందీ మాత్రం తెలుస్తుంది. కుడి కన్ను ఉంది. ఉన్నది ఉన్నట్టుగా ఉందా లేదా అని చూడటానికే ఈ రాకపోకలన్నీ. కంటి వెనక పొరకు అంచుల దాకా రక్తనాళాలు పాకకపోవడం ఈ జబ్బు. పాకని చోట పొర నీరసించి ముడుచుకుపోతుంది, ఒక్కోసారి ఊడి వచ్చేస్తుంది. ఊడకుండా అంచుల చుట్టూ లేజరుతో వాతలు పెట్టారు. వాతలు నిలుస్తాయా అంటే చూస్తూ ఉండాలి. ఎన్నాళ్ళు చూడాలి అంటే మళ్ళీ చూస్తూ ఉండాలమ్మా అనే జవాబు. దాని పేరు నోరు తిరగదు. ఎక్కడో ఏ ఒక్కరికో వస్తుందట. ఆ ఏ ఒక్కరూ మేమే అవాలా అని ఏడవడం కూడా ఆమె మానేసి చాలా కాలమైంది.

"అవును గానీ, మీ ఆయన రాడేంటి?" అంది చుక్కలమ్మ, సీసా మూత బిగిస్తూ. "ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నాం కదా. మళ్ళీ కనిపిస్తే ఒట్టు."

"ఆయన చూపించుకోవడమేంటి?"

"ఓసారి నువ్వు జ్వరమొచ్చి పడుకున్నావని పాపని ఆయన తీసుకొచ్చాడు చూడు. పాప మత్తులో ఉంటే ఆయనక్కూడా ఫోటోలు తీసింది డాక్టరమ్మ. నేనే వేశా చుక్కలు. అబ్బో, పిల్లలు నయం, ఆయన చేసిన గోల..." అని నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. "నీకు తెలుసనుకున్నానే అమ్మా."

"నాన్నక్కూడా ఉందా? నాలాంటిదేనా?" పిచ్చుక లేచి కూర్చుంది. బుగ్గల మీద మందు కారుతోంది. "నిజంగా? మరి నాతో ఎప్పుడూ చెప్పలేదే!"

ఆ గొంతులో సంతోషం. బళ్ళో తనలాంటి పిల్ల తను ఒక్కతే. ఇంట్లోనూ ఒక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

డాక్టరమ్మ గదిలో దీపాలు ఆర్పి ఉన్నాయి. నుదుటి మీద లైటు, చేతిలో అద్దం, పిల్ల కంట్లోకి వంగి ఆవిడ చాలాసేపు చూసింది. అలాగే ఉంది, మార్పేమీ లేదు అంది. ఎప్పుడూ ఆ మాట వినగానే తల్లికి ఊపిరి కిందికి దిగేది. ఈసారి దిగలేదు. అడగవలసింది అడిగింది. డాక్టరమ్మ నుదుటి లైటు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయన మీకు చెప్పలేదా?"

"లేదండీ."

"ఆయనకి తేలిక రకం. ఆయన చూపుకేం ఢోకా లేదు. అంచుల్లో మాత్రం అచ్చం పాపకున్నట్టే ఉంది. ఆయనలో కనిపించాక ఇంక మిమ్మల్ని చూడాల్సిన పని పడలేదు. ఇది ఇంట్లో నడిచే జబ్బమ్మా. తోబుట్టువులుంటే వాళ్ళనీ, వాళ్ళకి పిల్లలు పుడితే వెంటనే వాళ్ళనీ తీసుకురమ్మని ఒకటికి పదిసార్లు చెప్పాను. పసికందులప్పుడు చూస్తే ఆపొచ్చు. ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు."

తల్లి కళ్ళ ముందు ఆడపడుచు కొడుకు మెదిలాడు. ఈమధ్యే అడుగులు వేస్తున్నాడు. గుండ్రంగా ఉంటాడని అందరూ బొండాంగాడు అంటారు. వాడి ఎడమ కన్ను ముక్కు వైపు పోతుంది. ఇంటిల్లిపాదీ అది చూసి మురిసిపోతుంటారు.

"మా ఆడపడుచు బాబుకి కొంచెం మెల్ల ఉందండీ. అదృష్టం అంటారు మావాళ్ళు."

డాక్టరమ్మ తల ఎత్తింది. "ఈ వారంలో తీసుకురండి" అంది.

*

భర్తకు గడియారాలు బాగుచేసే కొట్టుంది. గోడ నిండా గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చూపించవు. ఆమె ఇంటికి పోకుండా పిల్లను తీసుకుని తిన్నగా అక్కడికే వెళ్ళింది. పిచ్చుకకు నల్ల కళ్ళద్దాలు పెట్టి, చేతిలో బన్ను ముక్క పెట్టి, బయట స్టూలు మీద కూర్చోబెట్టింది. అతను కుడి కంటికి భూతద్దం బిగించుకుని ఒక చేతిగడియారం పొట్ట విప్పి పెట్టుకున్నాడు.

"ఏమన్నారు?" అన్నాడు తల ఎత్తకుండానే.

"పిల్లది అలాగే ఉందట. మీది ఎలా ఉందో చూడాలి, రమ్మన్నారు."

పట్టకారు కొసన చిన్న చక్రం ఉంది. దాన్ని జాగ్రత్తగా గాజు పలక మీద పెట్టాడు. ఆ క్షణంలోనూ చక్రమే ముఖ్యం మనిషికి.

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏంటి? ఉందా, లేదా?"

అతను జవాబు చెప్పేలోగా ఒక ముసలాయన వచ్చి, గడియారం బెల్టు బిగుసుకుపోతోంది, ఇంకో చిల్లు పెట్టమన్నాడు. అతను ప్రాణం లేచొచ్చినట్టు ఆ బెల్టు అందుకున్నాడు. చిల్లు పెట్టాడు, చాలా శ్రద్ధగా, ఒక చిల్లుకు పట్టే టైము కన్నా ఎక్కువ తీసుకుని. ముసలాయన చేతికి తనే కట్టి, వదులుందా, బిగుతుందా, రేపు ఇంకోసారి చూపించండి అని మర్యాదలు చేశాడు. ఆమె అలాగే నిలబడింది. ముసలాయన పోయాక తలుపు పక్కనున్న గొలుసు లాగి షట్టరు సగం దింపింది.

"అప్పుడు చెల్లెలి సంబంధం ఖాయమవుతోంది" అన్నాడు అతను నెమ్మదిగా. "ఇంట్లో కంటి జబ్బుందంటే ఎవరు చేసుకుంటారు? పెళ్ళయ్యాక చెప్దామనుకున్నా. పెళ్ళయ్యాక... ఇంక ఎలా చెప్తాం, నువ్వే చెప్పు."

"నేనా చెప్పాలి? మీ అమ్మగారు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ 'మా వైపు ఎవరికీ లేదు, అంతా కోడలి వైపుదే' అని చెప్తుంటే మీరు పక్కన కూర్చుని కాఫీ తాగారు."

"అమ్మ ఏదో అంటుంది. అమ్మ మాటలకేముంది."

"మా నాన్న పోయేముందు పిచ్చుక తల మీద చెయ్యి పెట్టి 'నా కళ్ళే నీకొచ్చాయి తల్లీ, నన్ను క్షమించు' అని ఏడ్చాడు. దూరం కనపడక సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు పాపం, అంతే ఆయన చేసిన నేరం. మీరు మంచం పక్కనే ఉన్నారు. తెలిసే ఉన్నారు. ఒక్క మాట ఆయన చెవిలో చెప్పుంటే ఏం పోయేది మీకు? పోయే మనిషి ఎవరికి చెప్పేవాడు?"

అతను భూతద్దం తీసి చొక్కాకు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"నువ్వు ఓర్చుకోగలవు" అన్నాడు చివరికి. "నీ గురించి నాకు తెలుసు కదా. ఎన్ననుకున్నా పక్కన పెట్టేసి పని చేసుకుంటావు. చెల్లెలు అలా కాదు. అత్తారింట్లో ఒక్క మాటంటే చచ్చిపోతుంది."

అది మెచ్చుకోలనుకున్నాడు కాబోలు, మొహంలో కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె పళ్ళు బిగబట్టి నెట్టుకొచ్చిన ప్రతి మాటా ఇతనికి తెలుసు. ఓర్చుకుంటోంది కదా అని ఇంకొంచెం, ఇంకొంచెం మీద వేసి చూశాడు. మొగుడు చేతకానివాడని, తల్లికి ఎదురు చెప్పలేడని సరిపెట్టుకుందే గానీ, లెక్క చూసుకుని మరీ తనని ముందుకు తోశాడని కల్లో కూడా అనుకోలేదు.

"బొండాంగాడి ఎడమ కన్ను చూశారా?"

"అదా, మెల్ల..."

"అదృష్టమని నాతో అనకండి. మీకు తెలుసు. ఆదివారం మీ చెల్లెలింటికి వెళ్తున్నాం. మీరు చెప్పాలి. ఈ వారంలోనే తీసుకురమ్మన్నారు."

"చెప్తాలే."

"మీ నోటితో."

"చెప్తానన్నానుగా!" అన్నాడు విసుగ్గా. విసుగు కూడా అతనిదే.

*

కాజాలు కుట్టే మిషన్‌కు ఒక పద్ధతుంది. ముందు దారం చుట్టూ తిరిగి గట్టిగా కుట్టాలి. అప్పుడు మధ్యలో కత్తి పడి గుడ్డను చీల్చాలి. కుట్టు పూర్తి కాకుండా కత్తి పడిందంటే కాజా కాదు కదా, చిరుగు. మర్నాడు ఆమె చేతిలో వరసగా రెండు చొక్కాలు అలా పాడయ్యాయి.

"ఏంటమ్మాయ్, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అని మేస్త్రమ్మ కేకేసింది. అని, నాలిక్కరుచుకుంది. ఈ ఇంటి కళ్ళ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు.

ఆమె మళ్ళీ మిషన్ మీదికి వంగింది. సుద్దతో గుర్తు పెట్టుకోవడం, గుడ్డ పాదం కిందికి తొయ్యడం, తొక్కడం. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, బుర్ర మాత్రం ఆడపడుచు ఇంట్లో ఉంది. 'నీ కూతురి పక్కన నా బాబుని పడుకోబెట్టకు వదినా, ఏమీ అనుకోకు' అంది ఆ మహాతల్లి, వాడు పుట్టిన కొత్తలో. అనుకోకు అంటూ అనేసింది. పిచ్చుక విననే వింది. బాబుని ముట్టుకోవచ్చా అని ఆ తర్వాత ప్రతిసారీ అడిగి ముట్టుకునేది.

పోనీ, నోరు మూసుకుంటే?

ఈ ఆలోచన వచ్చినప్పుడు ఆమె ఉలిక్కిపడలేదు. తీయగానే ఉంది. వాళ్ళ అన్నయ్య, వాళ్ళ అమ్మ, వాళ్ళ రక్తం, వాళ్ళ అదృష్టం. నాకేం పట్టింది? పడనీ, వాళ్ళ వైపు ఎలా ఉంటుందో వాళ్ళకీ తెలియనీ. ఒక కట్ట చొక్కాలు అయిపోయేదాకా ఆ తీపిని నోట్లో పెట్టుకుని చప్పరించింది. తర్వాత బొండాంగాడు గుర్తొచ్చాడు. వాడు ఆమె చూపుడు వేలు పట్టుకుంటే వదలడు, వదిలించబోతే కిచకిచ నవ్వుతాడు. వాడికి వైపులేంటి? ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసి, లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

*

ఆదివారం బస్సులో అతను ఒక ఉపాయం చెప్పాడు. "నువ్వే మొదలుపెట్టు. ఆడవాళ్ళు మీలో మీరు మాట్లాడుకుంటే బాగుంటుంది. పిల్లలందరికీ ఓసారి చూపిస్తే మంచిదట అను, చాలు. నేను అందుకుంటా."

అందుకుంటాడని ఆమె నమ్మింది. ఇంకా నమ్మింది, చూడండి!

ఆడపడుచు ఇంట్లో అత్తగారు అప్పటికే దిగి ఉంది. మనవణ్ణి చాచిన కాళ్ళ మీద వేసుకుని ఊపుతోంది. "చూడు చూడు, ఆ చూపు చూడు! ఇటు చూస్తూ అటు జేబు కొట్టేస్తాడు దొంగవెధవ. మెల్ల ఉన్నవాడు మహారాజు అవుతాడు" అని మురిసిపోతోంది. ఆడపడుచు మొగుడు పేపరు చదువుతున్నాడు. భర్త వెళ్ళీ వెళ్ళగానే గోడ గడియారం రెండు నిమిషాలు వెనక ఉందని కనిపెట్టి, దాన్ని దింపి, బల్ల మీద బోర్లించి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

ఆమె కాసేపు చూసింది. స్క్రూలు ఒక్కోటీ బయటికొస్తున్నాయి గానీ అతని నోట్లోంచి మాట మాత్రం రావడం లేదు.

"బాబు కన్ను ఓసారి డాక్టరమ్మకి చూపిద్దామా అమ్మాయ్?" అంది ఆమె. "పిచ్చుకని చూసే ఆవిడకి."

ఆడపడుచు మొహం ముడుచుకుపోయింది. "ఏం వదినా, నీ కూతురికి వచ్చిందని నా కొడుక్కీ రావాలా?"

"అలా కాదు. పసిపిల్లలప్పుడే చూపిస్తే..."

"వాడికేం లేదు. నీ పిల్ల జబ్బు నీ పుట్టింటి జబ్బు. మాకూ దానికీ సంబంధమే లేదు, ఎందుకు చూపించాలి?"

ఆమెకు అప్పుడు అర్థమైంది. అబద్ధం ఇన్నేళ్ళూ తన మీద పడి ఊరుకోలేదు, ఇప్పుడు ఆ పసివాడి దారికి కూడా అడ్డంగా పడుకుంది. కోడలి వైపుదైతే కూతురి బిడ్డకు చూపించడమెందుకు? న్యాయమైన ప్రశ్నే.

"మా వైపు ఎవరికీ లేదమ్మా" అంది అత్తగారు, ఊపడం ఆపకుండా. "నాకు ఈ వయసులో సూదిలో దారం ఎక్కుతుంది. మీ నాన్నగారి సోడాబుడ్లు మా ఇంటికెందుకు తెస్తావు?"

ఆమె భర్త వైపు చూసింది. అతను ఒక స్క్రూ పళ్ళ మధ్య పెట్టుకుని గడియారం లోపలికి తొంగిచూస్తున్నాడు.

"మా నాన్నది కాదత్తయ్యా" అంది. "మీ అబ్బాయిది. ఆయన కంట్లో కూడా ఉంది. ఫోటోలు తీసి చెప్పారు. మీ అమ్మాయి పెళ్ళికి ముందే ఆయనకి తెలుసు. బాబుకీ వచ్చుండొచ్చు, తొందరగా తీసుకురమ్మన్నారు."

కాళ్ళ ఊపు ఆగింది. ఆడపడుచు మొగుడు పేపరు మడిచాడు. "ఏంటి బావా ఇది?" అన్నాడు.

"ఏరా?" అంది అత్తగారు.

అతను స్క్రూ నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చెల్లెలి వైపు చూశాడు, బావగారి వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. పెళ్ళాం వైపు మాత్రం చూడలేదు.

"లేదమ్మా" అన్నాడు. "అప్పుడేదో ఊరికే పరీక్ష చేశారు. నాకేం లేదన్నారు. దీనికెవరో ఏదో తప్పు చెప్పుంటారు."

"నాన్నా!" అంది పిచ్చుక. గడప దగ్గర కూర్చుని బొండాంగాడి బొమ్మకు కీ ఇస్తోంది. "చుక్కలమ్మ చెప్పింది కదా! నీదీ నాదీ ఒకటే అంది!"

"నువ్వు నోర్మూసుకో! పెద్దవాళ్ళ మధ్య నువ్వేంటి?"

పిచ్చుక కీ తిప్పడం ఆపేసింది. ఆ పిల్ల తండ్రి వైపు చూసిన చూపు తల్లి చూసింది. ఉన్న ఒక్క కంటితోనే ఆ పిల్ల ఆ మనిషిని తనకన్నా ముందే చూసేసింది అనిపించింది. అత్తగారు శాపనార్థాలు మొదలుపెట్టింది, పచ్చని సంసారంలో నిప్పులు పొయ్యడానికి వచ్చిందని, కడుపుమంటని, ఇంకా చాలా. కోడలు తనకు ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. చెప్పులు వేసుకుంటూ ఆడపడుచు వైపు తిరిగింది.

"నా మాట నమ్మకు. మీ అన్నయ్య మాటా నమ్మకు. వాడు ఆడుకుంటున్నప్పుడు ఒక్కో కన్నూ నీ అరచేత్తో మూసి చూడు. అంతే."

భర్త వాళ్ళ వెనక రాలేదు. గడియారం ఇంకా విప్పే ఉంది మరి.

*

సోమవారం భోజనాల గంట కొట్టినప్పుడు కార్ఖానా గేటు దగ్గర ఆడపడుచు నిలబడి ఉంది. తల దువ్వుకోలేదు. బొండాంగాడు భుజం మీద నిద్రపోతున్నాడు.

"ఎడమది మూస్తే నవ్వుతూనే ఉన్నాడు వదినా" అంది. పలకరింపు లేదు, ముందూ వెనకా లేదు. "కుడిది మూస్తే నా చెయ్యి పీకేసి ఒకటే ఏడుపు. ఎన్నిసార్లు మూసినా అంతే. పొద్దున మళ్ళీ చూశా. అంతే."

క్షమించమని అడగలేదు. అడిగితే ఏం చెయ్యాలో పిచ్చుక తల్లికీ తెలిసేది కాదు. మేస్త్రమ్మ గేటు దాకా వచ్చి ఇద్దరినీ చూసి, "వెళ్ళు, కాజాలెక్కడికీ పారిపోవు" అంది.

ఆసుపత్రిలో పసిపిల్లల్ని చూడాలంటే దుప్పట్లో చేతులూ కాళ్ళూ కదలకుండా చుట్టేసి, తల ఎవరో ఒకరు పట్టుకోవాలి. చాలామంది తల్లులు పట్టుకోలేరు. ఆడపడుచు గోడ వైపు తిరిగి చెవులు మూసుకుంది. పిచ్చుక తల్లి మోచేతులు బల్ల మీద ఆనించి, రెండు అరచేతుల మధ్య వాడి తల పట్టుకుని, నోరు వాడి చెవికి దగ్గరగా పెట్టి ఏదో ఒకటి పాడుతూ ఉంది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఈ పట్టు ఆమెకు చేతుల్లో ఉంది, పిచ్చుక తలని పట్టుకునీ పట్టుకునీ వచ్చింది.

డాక్టరమ్మ లైటు ఆర్పి కూర్చుంది. ఎడమ కంటి వెనక పొర అప్పటికే మడతపడి లాగేసుకుపోయింది, అది తిరిగి రాదు అంది. కుడి కన్ను అంచుల్లో మొదలైంది. మత్తిచ్చి లేజరు పెడతాను, ఆలస్యం చెయ్యొద్దు, నిలబడుతుందనే అనుకుంటున్నాను అంది. ఆ తర్వాత చూస్తూ ఉండాలి.

"ముందే తెచ్చుంటే?" అంది ఆడపడుచు.

"పుట్టిన మొదటి నెలల్లో చూసుంటే రెండూ ఉండేవేమో. ఉండేవని ఒట్టేసి చెప్పలేను."

వరండాలోకి వచ్చాక ఆడపడుచు బెంచీ మీద కూలబడింది. "అన్నయ్యకి నా పెళ్ళికి ముందే తెలుసన్నావు. నిజమేనా? నా మీద ఒట్టేసి చెప్పు."

ఆమె ఆ మాటను కొంచెం మెత్తగా చేసి చెప్పొచ్చు. మనిషి మంచివాడే, భయపడ్డాడు అనొచ్చు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆమె చేసింది ఆ పనే.

"తెలుసు. నీ పిల్లలు పుట్టగానే తీసుకురమ్మని ఆయనకి చెప్పి పంపించారు. వీడు పుట్టిన రోజు ఆయన ఆసుపత్రికి వచ్చి, వీణ్ణి ఎత్తుకుని, కళ్ళు నావే అన్నాడు. నువ్వూ విన్నావు."

ఆడపడుచు ఏడవలేదు. ఫోను తీసి ముందు మొగుడికి చేసింది. "బాబుకి కంటి జబ్బుంది. నా వైపు నుంచే వచ్చింది. అన్నయ్యకుంది, నాకూ ఉండుంటుంది, చూస్తారట" అంది, ఎక్కడా తడబడకుండా. అవతలి నుంచి ఏం వచ్చిందో గానీ సరే అని పెట్టేసింది. మొహం మాత్రం సరే అన్నట్టు లేదు. తర్వాత అన్నకు చేసింది. "కొట్టు మూసి రా. నీ కళ్ళు కావాలట" అంది అంతే.

అతను వచ్చాడు. రాగానే చెల్లెలి దగ్గరికి పోకుండా భార్య పక్కన చేరి, గొంతు తగ్గించి, "అంతా చెప్పేశావా?" అన్నాడు. ఆమె బొండాంగాడి వీపు నిమురుతూ ఉండిపోయింది. చెల్లెలు లేచి, పిల్లవాణ్ణి వదిన చేతుల్లోంచి తీసుకుని, అన్న ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి వరండా ఆ చివరి బెంచీ మీద కూర్చుంది.

చుక్కలమ్మ ఇద్దరికీ చుక్కలు వేసింది, ముందు చెల్లెలికి, తర్వాత అన్నకు. అతనితో ఒక్కటే చుక్క అనలేదు. తల వెనక్కి పెట్టమంది, మూడూ వేసి వెళ్ళిపోయింది. కాసేపటికి అతని కంటిపాపలు పెద్దవై నల్లగా తెరుచుకున్నాయి. దగ్గరిదేదీ కంటికి ఆనడం లేదని చేతులు ముందుకు చాపి చూసుకుంటున్నాడు. జేబులో ఫోను మోగింది. తీసి మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

"ఎవరు చూడవా?" అన్నాడు భార్య వైపు చాపి.

"మీ అమ్మగారు."

"చెల్లి చెప్పేసిందంటావా? నువ్వు మాట్లాడు. నాకిప్పుడు ఏమీ కనపడటం లేదు."

మాట్లాడటానికి కళ్ళెందుకో ఆమె అడగలేదు. ఫోను ఎత్తే మీట నొక్కి, అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఫోనులోంచి అత్తగారి గొంతు, "ఏరా, నిజమేనా? ఒరేయ్, పలకవేంటి?" అంటోంది. అతను భార్య ఉన్న వైపుకు తల తిప్పి వెతికాడు. ఆమె అప్పటికే లేచింది. పిచ్చుకకు బడి వదిలే వేళయింది. ఇన్నేళ్ళలో మొదటిసారిగా, చుక్కలు వేసుకున్న మనిషిని ఆ బెంచీ మీద ఒంటరిగా వదిలేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.